వేగం డ్రైవరుది, చలానా బండిది

కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటుకుని, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. చిత్తూరు పడమటి మండలాల బతుకు సగం ఈ దారి మీదే ఉంది. టమోటా, పాలు, పూలు, పట్టుగూళ్లు, బెంగళూరుకు పనికి పోయే పిల్లకాయలు, పెళ్లి బండ్లు, బడి బస్సులు అన్నీ ఇక్కడే తిరుగుతాయి. ఈ దారిని నమ్ముకున్న బండి ఓనర్లకు కొన్నేళ్లుగా ఫోనులో కొత్త రకం మెసేజీ వస్తోంది. మీ బండి పలానా చోట మితిమీరిన వేగంతో వెళ్లింది, జరిమానా కట్టండి అని.

ఆ చలానాను ఒకసారి తీరిగ్గా తెరిచి చూడండి. బండి నంబరు, తేదీ, గంటా నిమిషంతో సహా సమయం, చోటు, పోయిన వేగం, అక్కడ పోదగ్గ వేగం, మోటారు వాహనాల చట్టం 183వ సెక్షను, కట్టాల్సిన మొత్తం, ఒక ఫొటో. ఫొటోలో నంబరు ప్లేటు మాత్రం అక్షరం అక్షరం కనబడుతుంది. హెడ్‌లైట్ల వెలుగు వెనక, అద్దం అవతల, స్టీరింగు పట్టుకున్న మనిషి మొహం చాలాసార్లు ఆనవాలు పట్టడానికి కూడా వీలుండదు. ఆయన పేరేమిటో కెమెరాకు తెలియదు. ఆయన లైసెన్సు నంబరు కూడా తెలియదు. చలానా పోయి బండి ఎవరి పేరున రిజిస్టరు అయి ఉంటే వాళ్ల గడప తొక్కుతుంది.

వేగానికి జరిమానా ఎంత, లైసెన్సుకు ఏమవుతుంది, ఇన్సూరెన్సు పెరుగుతుందా అని జనం అడిగే మూడు ప్రశ్నలూ ఈ ఒక్క చోట ముడిపడి ఉన్నాయి. మన దగ్గర వేగం లెక్క బండి ఖాతాలో పడుతోంది, మనిషి ఖాతాలో పడటం లేదు. చట్టం మాత్రం మనిషినే లెక్క అడిగింది. ఆ తేడా వల్ల ఓనరు నష్టపోతున్నాడు, జాగ్రత్తగా నడిపే డ్రైవరు నష్టపోతున్నాడు, అన్నిటికన్నా ఎక్కువగా రోడ్డు దాటే మనిషి నష్టపోతున్నాడు.

వెయ్యి రూపాయలు ఎవరిని ఆపుతాయి?

2019 ఆగస్టు దాకా వేగానికి జరిమానా మొదటిసారి అయితే 400 రూపాయల దాకా. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం దాన్ని తేలిక వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలు చేసింది. లారీ, బస్సు లాంటి మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000. ఇక ఎంత పోతే వేగం కిందికి వస్తుందంటే, కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కారుకు 100 కిలోమీటర్లు, సరుకు బండికి 80. మామూలు రోడ్ల మీద, ఊళ్లలో కారుకు 70, బైకుకు, సరుకు బండికి 60, ఆటోకు 50. ఇవి పై హద్దులు. బడి దగ్గర, సంత దగ్గర, ఘాట్ల దగ్గర స్థానికంగా ఇంకా తగ్గించవచ్చు. అక్కడ బోర్డు ఏం చెబితే అదే లెక్క.

60కీ 80కీ తేడా ఏముందిలే అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడటానికి సెకనున్నర పట్టిందనుకుంటే బండి అప్పటికే 25 మీటర్లు పోయి ఉంటుంది. అదే 80 అయితే 33 మీటర్లు. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాత. గుద్దితే తగిలే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 మీద తగిలే దెబ్బ కన్నా 80 మీద తగిలే దెబ్బ 78 శాతం ఎక్కువ. ఇంత చేసి మిగిలేదేమిటంటే, 30 కిలోమీటర్ల దూరానికి ఏడున్నర నిమిషాలు.

దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో 1,19,904 మంది మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే 71 శాతం. ఈ అంకె పోలీసు రికార్డుల నుంచి వచ్చినది కాబట్టి, ప్రతి ఎఫ్‌ఐఆర్‌లోనూ అలవాటుగా రాసే అతివేగం, అజాగ్రత్త అనే మాట కూడా ఇందులో కొంత ఉంటుంది. దీపం లేని మలుపు, రోడ్డు పక్కన ఆపి వదిలేసిన ట్రాక్టరు, తప్పుగా కట్టిన కల్వర్టు ఆ మాట వెనక దాక్కుంటాయి. అయినా సరే, అందులో సగమే నిజమనుకున్నా, అది ఒక మధ్యరకం పట్టణం జనాభా అంత.

మండీ గడియారం

మదనపల్లె టమోటా మార్కెట్టు ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరు. అక్కడ వేలం అయిపోయి, గ్రేడు చేసి, క్రేట్లు ఎక్కించేసరికి ఎంత పొద్దుపోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. సరుకు చేరాల్సిన చోట మాత్రం గడియారం ఆగదు. చెన్నై కోయంబేడుకు తెల్లారక ముందు చేరిన లోడు ధర వేరు, ఎండ పడ్డాక చేరిన లోడు ధర వేరు. అందుకే బండి కదిలేటప్పుడు చివరిగా వినబడే మాట ఇలా ఉంటుంది. “తమ్ముడూ, నాలుగింటికంతా బండి కోయంబేడులో ఉండల్ల.”

మదనపల్లె నుంచి చెన్నైకి దాదాపు 250 కిలోమీటర్లు. రాత్రి పదకొండుకు బయలుదేరితే అయిదు గంటలుంది, సగటున 50 కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. టోలు దగ్గర ఆగి, ఒకచోట టీ తాగి, నిదానంగా అయినా అటూఇటుగా చేరవచ్చు. లోడింగు ఆలస్యమై పన్నెండున్నరకు కదిలితే మిగిలేది మూడున్నర గంటలు. సగటు 71 దాటాలి. సరుకు బండికి చాలాచోట్ల హద్దు 60 అయిన దారిలో సగటు 71 రావాలంటే ఖాళీ రోడ్డు మీద 90, 100 తొక్కక తప్పదు. గంటన్నర ఆలస్యం చేసింది వేలం, గ్రేడింగు, హమాలీలు, కాటా. దాన్ని పూడ్చాల్సింది మాత్రం డ్రైవరు కుడికాలు.

ఇక్కడ డబ్బు లెక్క కూడా చూడాలి. ఒక పికప్ బండిలో టన్నున్నర టమోటా ఉందనుకోండి. కిలోకు పది రూపాయలు ధర పడిపోతే పోయేది 15,000. 2023 జూలైలో మదనపల్లెలో కనీవినీ ఎరుగని ధర పలికిన రోజుల్లో ఇలాంటి ఒక్క లోడు విలువ లక్షల్లో ఉండింది. ఆ పక్కన వెయ్యి రూపాయల చలానా ఎవరిని ఆపుతుంది? డీజిలు, టోలు, టీ ఖర్చుల వరసలో అదీ ఒకటై బాడుగలో కలిసిపోతుంది. కొందరు ఓనర్లు డ్రైవరు బత్తాలో కోస్తారు. ఏది జరిగినా నాలుగింటికంతా ఉండల్ల అన్న మాటకు మాత్రం ఖర్చు పడదు.

చట్టం ఈ సంగతి ఆలోచించలేదనుకుంటే పొరపాటు. 183వ సెక్షను వేగంగా నడిపినవాడితో పాటు, తన కింద పనిచేసేవాడి చేత అలా నడిపించినవాడికీ అదే జరిమానా అంటుంది. అదే సెక్షనులో నాలుగో ఉపనిబంధన ఇంకా లోతుకు పోతుంది. ఒక ప్రయాణం ఇన్ని గంటల్లో అయిపోవాలని టైంటేబులు వేసినా, ఆదేశం ఇచ్చినా, వేగం హద్దు దాటకుండా ఆ సమయానికి చేరడం సాధ్యం కాదని కోర్టుకు అనిపిస్తే, ఆ ఆదేశమే వేగంగా నడిపించాడనడానికి తొలి ఆధారం. అంటే పన్నెండున్నరకు బండి వదిలి నాలుగింటికి చేరమన్న మాట చట్టం దృష్టిలో నేరానికి సాక్ష్యం. ఆ మాట వాట్సాప్‌లో ఉంటే సాక్ష్యం మరీ గట్టిది. ఈ ఉపనిబంధనను వాడి మండీల్లో, ట్రావెల్స్ ఆఫీసుల్లో నలుగురిని కోర్టుకు పిలిచినా మన దారుల మీద వేగం తగ్గుతుందని నా గట్టి నమ్మకం. కెమెరాలు పది పెంచినా అంత ఫలితం రాదు.

అదే సెక్షనులో డ్రైవరుకు ఒక రక్షణ కూడా ఉంది. ఒక్క మనిషి నా కంటికి వేగంగా అనిపించింది అని చెప్పిన సాక్ష్యం మీద మాత్రమే శిక్ష వేయకూడదు, యంత్రం కొలిచిన లెక్క ఉండాలి. స్పీడ్ గన్లు, కెమెరాలు వచ్చింది ఇందుకే. 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ నిబంధన ప్రకారం ఆ యంత్రానికి ఏటేటా ధ్రువీకరణ ఉండాలి, కెమెరా నిఘా ఉందని ముందే బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. చలానాలో ఫొటో మీ బండిది కాకపోయినా, నంబరు తప్పుగా చదివినా, కట్టేయడం కన్నా అభ్యంతరం చెప్పడమే మేలు. ఎందుకంటే కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే.

లైసెన్సు మీద మచ్చ ఎప్పుడు పడుతుంది

బండిని ఆపి, డ్రైవరును దింపి, లైసెన్సు చేతిలోకి తీసుకుంటే కథ పూర్తిగా మారిపోతుంది. చట్టంలోని 206(4) ప్రకారం వేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం లాంటి నేరాలకు పోలీసు అధికారి లైసెన్సు స్వాధీనం చేసుకుని ఆర్టీవో ఆఫీసుకు పంపాలి. అక్కడ డ్రైవరు మాట విని, తప్పు రుజువైతే 19వ సెక్షను కింద మొదటిసారికి మూడు నెలలు లైసెన్సు పని చేయకుండా చేస్తారు. రెండోసారి అయితే రద్దు. తిరిగి కావాలంటే రిఫ్రెషరు శిక్షణ తీసుకోవాలి. 2019 సవరణ ఇంకో మాట కూడా చేర్చింది. ఇలా లైసెన్సు పోయినవాళ్ల పేర్లు జనానికి తెలిసేలా బయట పెట్టవచ్చు. అంతకు ముందే, సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ వేగానికి కనీసం మూడు నెలల సస్పెన్షన్ తప్పనిసరి అని 2015లో రాష్ట్రాలకు చెప్పింది.

నెల జీతం మీద, ట్రిప్పు బత్తా మీద బతికే డ్రైవరుకు ఈ మూడు నెలలే అసలైన జరిమానా. దాని ముందు వెయ్యి రూపాయలు ఏ మూలకూ రావు. కెమెరా చలానా మామూలుగా లైసెన్సు దాకా పోదు, పోలీసు చేతికి చిక్కితే పోతుంది. ఒకే తప్పుకు ఒకరికి మెసేజీ, ఇంకొకరికి ఉపాధి పోవడం. రాత్రంతా ఖాళీ రోడ్డు మీద వంద తొక్కేవాడి లైసెన్సు తెల్లగా ఉంటుంది, పట్టపగలు ఊరి బయట స్పీడ్ గన్ ముందు దొరికినవాడి లైసెన్సు పోతుంది.

ఒకే బండికి ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు ఉండే చోట చిక్కు ఇంకా ముదురుతుంది. మన వైపు యాక్టింగ్ డ్రైవరు అంటాం. అసలు డ్రైవరు రాని రోజు, పెళ్లి ట్రిప్పుకు, ఆసుపత్రికి పోయేటప్పుడు రోజు కూలి మీద వచ్చి నడిపేవాడు. చలానా మెసేజీ వచ్చేసరికి ఆ రాత్రి స్టీరింగు మీద ఎవరున్నారో ఓనరుకే గుర్తుండదు. 133వ సెక్షను ప్రకారం పోలీసులు అడిగితే డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరం చెప్పాల్సిన బాధ్యత ఓనరుదే. చెప్పాలంటే ముందు రాసి పెట్టుకోవాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, బండి కదిలిన సమయం. ఈ నాలుగూ రాయడానికి ఒక నిమిషం చాలు. చలానాకు, ఇన్సూరెన్సుకు, కోర్టుకు అన్నిటికీ పనికొచ్చే కాగితం అదే అవుతుంది.

మనిషి లెక్క మన తెలుగు నేల మీద ఎవరూ మొదలుపెట్టలేదా అంటే, మొదలుపెట్టారు. తెలంగాణలో 2017 ఆగస్టు 1 నుంచి తప్పుకు ఇన్ని పాయింట్లని వేసే పద్ధతి వచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాది సస్పెండ్. ఆలోచన సరైనదే. అది నిలదొక్కుకుని ఉంటే ఈపాటికి మన దగ్గరికీ వచ్చి ఉండేది.

కువైట్‌లో డ్రైవరు, మదనపల్లెలో డ్రైవరు

కడప, రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు డ్రైవరు పనికి పోయిన ఇళ్లు లెక్కలేనన్ని. వాళ్లను అడిగితే అక్కడి సంగతి చెబుతారు. 2025 ఏప్రిల్ 22న అమల్లోకి వచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టంలో వేగానికి జరిమానా 70 నుంచి 150 దినార్లు. దినారు మన లెక్కలో 270 రూపాయల పైనే. కాబట్టి మొదటి మెట్టే దాదాపు 19,000. ఇంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. 2023 ఆగస్టు నుంచి అక్కడ పరదేశీ ఎవరైనా సరే తన పేరున ఉన్న ట్రాఫిక్ జరిమానాలు కట్టనిదే దేశం దాటలేడు. సంక్రాంతికి ఊరొస్తున్న మనిషి ఎయిర్‌పోర్టులో ఆగిపోతాడు. ఊళ్లో 90 మీద బండి తోలిన కుర్రాడే అక్కడ హద్దు దాటడు. మనిషి మారలేదు, లెక్క ఎవరి పేరున పడుతుందో అది మారింది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ లెక్క ఇంకా వివరంగా తెలుసు. న్యూజెర్సీలో వేగం హద్దును 14 మైళ్ల దాకా దాటితే లైసెన్సు మీద 2 పాయింట్లు, 15 నుంచి 29 దాకా అయితే 4, 30 పైన 5. కాలిఫోర్నియాలో మామూలు వేగం టికెట్టుకు ఒక పాయింటు పడి మూడేళ్లు రికార్డులో ఉంటుంది. ఏడాదిలో 4 పాయింట్లు చేరితే లైసెన్సు మీదికి వస్తుంది. 18 నెలలకు ఒకసారి ట్రాఫిక్ స్కూలుకు పోయి ఒక పాయింటును బీమా కంపెనీ కంట పడకుండా చేసుకోవచ్చు. అక్కడ 1988లో ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన ప్రకారం కారు ఇన్సూరెన్సు ధర తేల్చేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది డ్రైవింగ్ రికార్డునే. టికెట్టు మొత్తం ఒకసారి కట్టి మరిచిపోవచ్చు, పెరిగిన ప్రీమియం మాత్రం మూడేళ్లు కట్టాలి.

మన ఇన్సూరెన్సు ఏం చూస్తుంది

మన దగ్గర ప్రీమియం అలా పెరగదు. థర్డ్ పార్టీ ప్రీమియం కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి వచ్చిన పట్టిక ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు బైకుకు ఏడాదికి 714 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416, ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి 16,049. పుంగనూరులో పదేళ్లుగా ఒక్క చలానా లేని పికప్ ఓనరూ 16,049 కట్టాలి, ఏడాదిలో ఇరవై చలానాలు ఉన్న ఓనరూ అంతే కట్టాలి. జాగ్రత్తకు ఒక్క రూపాయి తగ్గింపు లేదు.

దీన్ని మార్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒక బృందాన్ని వేసింది. 2021 జనవరిలో ఆ బృందం సిఫారసులు బయటికి వచ్చాయి. తాగి నడిపితే 100 పాయింట్లు, పార్కింగు తప్పుకు 10, ఇలా లెక్క వేసి, పాయింట్లను బట్టి బైకులకు 100 నుంచి 750, నాలుగు చక్రాల బండ్లకు 300 నుంచి 1,500 రూపాయల దాకా అదనపు ప్రీమియం. ముందు ఢిల్లీలో ప్రయోగం, తర్వాత దేశమంతా అన్నారు. అది మన దాకా రాలేదు. వచ్చినా ఒక పెద్ద లోపంతో వచ్చి ఉండేది. అందులో కూడా పాయింట్లు బండి మీదే వేయాలన్నారు, డ్రైవరు మీద కాదు. యాక్టింగ్ డ్రైవరు చేసిన తప్పు ఓనరు ప్రీమియంలోనే పడేది. 2022 జూలైలో, ఎంత నడిపితే అంత, ఎలా నడిపితే అంత అనే కొత్త రకం కవర్లకు అనుమతి వచ్చింది. దాని వల్ల జాగ్రత్తకు విలువ కట్టే దారి కొంత తెరుచుకుంది, అదీ సొంత నష్టం కవరు వరకే.

అలాగని వేగానికి ఇన్సూరెన్సు ఖర్చు లేదనుకోకూడదు. అది చలానా దారిలో రాదు, క్లెయిము దారిలో వస్తుంది. ఓన్ డ్యామేజీ ప్రీమియం మీద ఏ క్లెయిమూ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడు 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50 శాతం దాకా చేరుతుంది. 50 శాతం బోనస్ ఉన్న కారు మలుపులో వేగం పట్టలేక కల్వర్టుకు తగిలి ఒక్క క్లెయిము పెడితే బోనస్ సున్నాకు పడుతుంది. మళ్లీ 50కి ఎక్కేసరికి వరసగా 50, 30, 25, 15, 5 శాతం చొప్పున పోగొట్టుకుంటారు. కూడితే 125. ఏడాది ఓన్ డ్యామేజీ ప్రీమియం 8,000 అనుకుంటే అయిదేళ్లలో పోయింది 10,000. అందుకే చిన్న సొట్టకు క్లెయిము పెట్టే ముందు మెకానిక్కు ఎంత అడుగుతున్నాడో చూసుకోవాలి.

అసలు లెక్క అవతలి మనిషికి తగిలినప్పుడు మొదలవుతుంది. పోయిన మనిషికి 28 ఏళ్లు, నెలకు 15,000 సంపాదన, ఇంట్లో భార్యా ఒక బిడ్డా అతని మీద ఆధారపడ్డారనుకుందాం. ఏడాదికి 1,80,000. సుప్రీంకోర్టు 2017లో చెప్పినట్టు, సొంత పనిచేసుకునే 40 ఏళ్ల లోపు మనిషికి ముందుముందు పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీస్తే 1,68,000. 2009లో సుప్రీంకోర్టే ఖాయం చేసిన పట్టికలో 26 నుంచి 30 ఏళ్ల వయసుకు గుణకం 17. గుణిస్తే 28,56,000. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీనికి అదనం. బండికి థర్డ్ పార్టీ పాలసీ ఉంటే ఈ మొత్తం కంపెనీ కడుతుంది. డ్రైవరు వేగంగా నడిపాడు కాబట్టి కట్టను అని అనడానికి దానికి చట్టంలో వీల్లేదు. పాలసీ లేకపోతే ఈ 28 లక్షలూ ఓనరే కట్టాలి. కట్టకపోతే 174వ సెక్షను కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపవచ్చు. భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. మన వైపు అది పొలం మీదికి వస్తుందని వేరే చెప్పక్కర్లేదు. లైసెన్సు లేని పిల్లవాడికి బండి ఇస్తే పాలసీ ఉన్నా ఇదే గతి పట్టవచ్చు. కంపెనీ బాధితులకు కట్టి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెబుతున్నాయి.

పోల్చి చూడండి. వేగం చలానా 1,000. బైకు ఏడాది థర్డ్ పార్టీ పాలసీ 714. చలానా భయంతో జనం కెమెరా దగ్గర బ్రేకు వేస్తారు గానీ, పాలసీ గడువు అయిపోయిన బండి మీద ఏళ్లకేళ్లు తిరుగుతారు. దేశంలో సగానికి పైగా బండ్లకు ఇన్సూరెన్సు లేదని పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2024లో చెప్పింది. ఆ సగంలో మన ఊరి బండ్లు కూడా ఉన్నాయి. ఆ బండి గుద్దితే కూలికి పోయే కుటుంబానికి తీర్పు కాగితం మిగులుతుంది, డబ్బు రాదు.

వేగంగా నడిపిన మనిషే పోతే? దీనికి జవాబు మన పొరుగు నుంచే వచ్చింది. కర్ణాటకలో 2014లో అరసికెరె వైపు కారులో పోతూ వేగం వల్ల బండి బోల్తాపడి డ్రైవింగ్ చేస్తున్న మనిషి పోయాడు. కుటుంబం 80 లక్షలు అడిగింది. తన తప్పు వల్లే తాను పోయిన మనిషి వారసులకు ఆ పరిహారం రాదని ట్రిబ్యునల్, హైకోర్టు చెప్పాయి. 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా కాదనలేదు. ఓనరే నడుపుతుంటే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆదుకుంటుంది, అదీ పాలసీతో పాటు ఆ కవరు తీసుకుని, చెల్లే లైసెన్సు ఉంటే. జీతం డ్రైవరుకు ఆ కవరు వర్తించదు. ఆయన కోసం పాలసీలో వేరే రక్షణ ఉందా అని అడిగి రాయించాల్సింది ఓనరు. నాలుగింటికి చేరాలని చెప్పే ఓనరు తప్పకుండా అడగాల్సిన మాట ఇది.

మూడు రాష్ట్రాల కూడలిలో

కుప్పంలో ఉన్నవాళ్లకు ఒక్క రోజులో మూడు రాష్ట్రాల రోడ్లు తగులుతాయి. పొద్దున కేజీఎఫ్, మధ్యాహ్నం కృష్ణగిరి, రాత్రికి ఇల్లు. ఏపీ నంబరు బండి మీద కర్ణాటక చలానా, తమిళనాడు చలానా పడి ఉంటే ఫోను నంబరు మారినవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఆర్సీ మార్పిడికో ఎఫ్‌సీకో పోయినప్పుడు బయటపడుతుంది. కర్ణాటకలో ఇంకో మాట గుర్తుంచుకోవాలి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడ గంటకు 130 దాటితే చలానాతో పోదు, ఎఫ్‌ఐఆర్ పెడతారు. అప్పుడు కేసు మనిషి మీద. సెకండ్ హ్యాండు బండి కొనేవాళ్లు రేటు మాట్లాడే ముందే పరివాహన్ ఈ-చలానా సైటులో నంబరు కొట్టి చూసుకోవాలి. ప్రభుత్వ సైటు చిరునామా జీవోవీ డాట్ ఇన్ తో ముగుస్తుంది. వాట్సాప్‌లో ఏపీకే ఫైలుతో వచ్చే చలానా మోసం, దాన్ని తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

బకాయిలు పేరుకుపోయినప్పుడు ప్రభుత్వాలు రాయితీ మేళాలు పెడుతున్నాయి. తెలంగాణలో 2022లో బైకులకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ చేశారు. కర్ణాటకలో 2023లోనూ 2025లోనూ సగానికి సగం తగ్గించారు. ఖజానాకు డబ్బు వచ్చింది, నిజమే. వారం రోజుల్లో బుద్ధిగా పూర్తి మొత్తం కట్టిన మనిషికి మాత్రం అన్యాయం జరిగింది. ఆగితే తగ్గుతుందని అందరికీ పాఠం చెప్పినట్టయింది. వేగం అప్పు కాదు, ఒకసారి సర్దుబాటు చేసుకుని వదిలేయడానికి. తప్పు మనిషి రికార్డులో ఉండాలి, మళ్లీ చేయకుండా రెండేళ్లు గడిస్తే తుడిచిపెట్టాలి. డబ్బు తగ్గించడం కన్నా అదే న్యాయమైన రాయితీ.

బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పనులు వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు, బంగారుపాళ్యం మండలాల్లో సాగుతున్నాయి. 260 కిలోమీటర్లకు పైగా ఉండే ఆ దారిలో దాదాపు 85 కిలోమీటర్లు మన నేల మీదే. కర్ణాటకలో హొసకోట వైపు భాగం మీద 2024 చివర్లోనే బండ్లు తిరగడం మొదలైంది. అది గంటకు 120 కిలోమీటర్ల వేగానికి కట్టిన రోడ్డు. టమోటా బండికి ఆ రోడ్డు మీదా హద్దు 80 మాత్రమే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బండ్లు దాని మీదికి ఎక్కే రోజుకు రవాణా శాఖ ఒక పని పూర్తి చేసి ఉండాలి. కెమెరా చలానాకు డ్రైవరు లైసెన్సు నంబరు జోడించే గడి పెట్టి, 133వ సెక్షను కింద ఓనరు దాన్ని ఇన్ని రోజుల్లోగా నింపాలని గడువు ఖాయం చేయాలి. మండీ యజమానులు, ట్రావెల్స్ ఓనర్లు ట్రిప్పు షీటులో బండి కదిలిన సమయం, చేరాల్సిన సమయం రెండూ రాయాలని మార్కెట్ కమిటీ, బ్రేక్ ఇన్‌స్పెక్టరు కలిసి అడగాలి. ఆ రెండు గడుల మధ్య ఎన్ని గంటలున్నాయో చూస్తే, ఆ రాత్రి డ్రైవరును ఎంత వేగంతో పొమ్మన్నారో బండి ఇంకా మదనపల్లె దాటకముందే తెలిసిపోతుంది.